రాజు, మగ, ఏడేళ్లు

కాగితం మీద నక్షత్రం గుర్తు కనిపిస్తే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. అది కరెంటు బిల్లయినా సరే. పోయిన వేసవిలో మా కుక్క రాజు రక్తపరీక్ష కాగితం మీద అలాంటి నక్షత్రాలు తొమ్మిది ఉండేవి. వాటిని ఎన్నిసార్లు లెక్కపెట్టానో నాకే తెలియదు. ఈసారైనా ఒకటి తగ్గుతుందేమోనని ప్రతిసారీ ఆశ.

గండం గడిచింది కాబట్టి ఇప్పుడు రాయగలుగుతున్నాను. రాస్తే గానీ ఆ రోజులు నన్ను వదిలేలా లేవు. ఇందులో రాజు జబ్బు ఒక్కటే లేదు, ఆ జబ్బు చాటున నేనాడిన అబద్ధం కూడా ఉంది. జబ్బు కంటే అదే నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది.

తిరుపతిలో తిరుచానూరు రోడ్డు మీద నాకొక ఎస్టీడీ బూత్ ఉంది. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. మాకు పిల్లలు లేరు. ఈ మాట చెప్పగానే జనం నా ముఖం చూసి, తర్వాత రాజు ముఖం చూసి, ‘ఓహో’ అనుకుంటారు. ఆ ఓహో చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రాజుని మేం కుక్కలాగే పెంచుకున్నాం. పుట్టినరోజులు చేయలేదు, చొక్కాలు తొడగలేదు. బూత్ గుమ్మానికి అడ్డంగా పడుకుంటాడు, ఫోను చేసుకోవడానికి వచ్చినవాళ్లు వాణ్ణి దాటుకుని రావాలి. గ్యాసు బండి గంట వినిపిస్తే చాలు, ప్రపంచం మునిగిపోయినట్టు మొరుగుతాడు. వాడి ఉద్యోగం అంతే.

*మే నెలాఖరు*

గ్యాసు బండి వచ్చింది, వెళ్లిపోయింది. రాజు తల కూడా ఎత్తలేదు. ఎండ దెబ్బేమో అనుకున్నాను. మర్నాడు పొద్దున వాడి ముక్కు కింద గచ్చు మీద రూపాయి బిళ్లంత నెత్తురు మరక కనిపించింది. చిగుళ్లు చూస్తే సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి.

పశువుల ఆస్పత్రిలో చేసి రిటైరైన డాక్టరుగారు ఒకరు మా వీధికి దగ్గర్లోనే ఉంటారు. ఆయన రాజు ముంగాలు పట్టుకుని రక్తం తీసి, చిన్న గొట్టంలో పోసి నా చేతికిచ్చారు.

“కుక్కల రక్తం పరీక్ష సేసే తావు వేసవి సెలవులకి మూసి ఉండాదమ్మా. మనుషుల ల్యాబుకే తీసుకొని పో. మిషనుకి కుక్కా మనిషీ తేడా తెలీదు. కౌంటరు కాడ మాత్రం కుక్క అన్నావంటే కొందరు తీసుకోరు. పేరూ వయసూ చెప్పు, సాలు” అన్నారు. ఆయన ఆ సాయంత్రమే పలమనేరులో పశువుల శిబిరానికి వెళ్తున్నారు. రెండు రోజుల్లో వచ్చేస్తానన్నారు. “రిపోర్టు తెచ్చి పెట్టుకో. నేను వచ్చేదాకా నువ్వు సదవొద్దు” అని రెండుసార్లు చెప్పారు.

మీకు కూడా నేను చెప్పేది అదే. చదవకండి. నేను చదివాను.

ల్యాబులో కౌంటరు దగ్గర పుస్తకం ముందు పెట్టుకుని కళ్లజోడాయన కూర్చున్నాడు. పేరు? రాజు. వయసు? ఏడు. ఆడా, మగా? మగ. నేను చెప్పిన మూడూ నిజాలే. అయినా ఆయన పెన్ను కదులుతుంటే నాకు మెడ మీద చెమట పట్టింది.

గోడ పక్క బల్ల మీద కూర్చున్నాను. నా పక్కన ముప్పై ఏళ్లావిడ, ఒళ్లో స్టీలు టిఫిను డబ్బా. అందులో ఐసుముక్కల మధ్య తను కూడా ఒక రక్తపు గొట్టం తెచ్చుకుంది. ఆమె వేళ్ల సందుల్లో, గోళ్ల కింద పసుపు రంగు ఇంకిపోయి ఉంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తుందట, సీజను నాలుగు నెలలూ ఆ రంగు పోదట. పేరు రూతమ్మ, ఊరు వడమాలపేట. ఎనిమిదేళ్ల కూతురు గ్రేసిని పిల్లల వార్డులో పెట్టారు. ఒంటి మీద ఎక్కడ పట్టుకున్నా కమిలిపోతోందట. వార్డులో రక్తం తీసి ఇస్తే, బయట ల్యాబుకి తెచ్చేది ఈమె.

“మీ పిల్లోడికేమక్కా?” అంది.

ఆ క్షణంలో చెప్పేసి ఉంటే ఈ కథే లేదు. కౌంటరాయన నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. గొట్టం వెనక్కి ఇచ్చేస్తాడని భయం.

“ముక్కులో నుంచి రక్తం వచ్చింది” అన్నాను.

“యాడుండాడు ఇప్పుడు?”

“ఇంట్లో పడుకున్నాడు. డాక్టరే రక్తం తీసి ఇచ్చినాడు.”

ఆమె తన పసుపు చెయ్యి నా చేతి మీద వేసింది. “ఏం కాదులే అక్కా” అంది. పొద్దుటి నుంచి నాతో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. మా ఆయన “కుక్కకింత యాగీ ఏందే” అని డ్యూటీకి వెళ్లిపోయాడు. పక్క షాపువాళ్లు “ఇంకోటి తెచ్చుకోండి” అన్నారు. కొడుక్కి జబ్బు అనుకున్న మనిషి మాత్రం నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యిని విదిలించుకోవడానికి నాకు మనసు రాలేదు. అబద్ధం మొదలైంది గొట్టం కోసమే కావచ్చు, కొనసాగింది మాత్రం దీనికోసమే.

“రాజు వాళ్ల అమ్మా!” అని కౌంటరాయన పిలిచాడు. నన్ను ఎవరూ ఎప్పుడూ అలా పిలవలేదు. లేచి కౌంటరు దగ్గరికి వెళ్లాను. ఆయన కవరు ఇస్తూ నా ముఖంలోకి కాసేపు చూసి, “డాక్టరుకే సూపించమ్మా. నువ్వు సదువుకోవద్దు” అన్నాడు. అందరూ అదే మాట.

గుమ్మం దాటకముందే కవరు చించాను. తొమ్మిది నక్షత్రాలు. మందుల షాపతనికి ఇంగ్లీషు బాగా వస్తుందని తీసుకెళ్లి చూపించాను. అతను పేరూ వయసూ చూసి, కిందికి చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. “ఏడేళ్ల పిల్లోడికి ఇన్నా? ఈడ పెట్టుకోవద్దు మేడమ్. ఈ పొద్దే మద్రాసుకి పోండి” అన్నాడు.

*ఆ రెండు రోజులు*

నేను ఒక చోట కూర్చోలేదు. బూత్‌లోకి వెళ్లి, బయటికి వచ్చి, రాజు డొక్కలు ఎగరడం చూసి, మళ్లీ కాగితం తీసి. ఫోను మోగితే డాక్టరేమోనని పరుగు. ఎవరో యాత్రికుడు మూడు నిమిషాలు మాట్లాడితే, లైను అడ్డుకున్నందుకు అతని మీద కసురు. రాజు నీళ్లు తాగితే సంబరం, తాగిన నీళ్లు కక్కితే ఏడుపు.

సరిగ్గా మర్నాడే పలమనేరులో మా ఆడబిడ్డ గృహప్రవేశం. నేను రానన్నాను.

“సొంత చెల్లెలి ఇంటికి నేనొక్కన్నే పోతే ఏం చెప్పేది? కుక్కకి జరమొచ్చిందని చెప్పేదా?”

“అదే చెప్పు. నిజమే కదా.”

“నీకు మనుషుల కంటే అది ఎక్కువైపోయింది సుగుణా.”

“ఈ పొద్దుకి ఎక్కువే” అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆయన కొత్త చొక్కా వేసుకుని, తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడు. పదహారేళ్ల కాపురంలో నేను లేకుండా ఆయన శుభకార్యానికి వెళ్లడం అదే మొదలు.

మర్నాడు పొద్దున తొమ్మిదికి ఫోను మోగింది. ఆయన గొంతు, దాని వెనక ఆవుల అరుపులు.

“ఆ కాగితం పక్కనే ఉండాదా? డాక్టరుకిస్తా ఉండా, మాట్లాడు.”

గృహప్రవేశంలో పాలు పొంగించే వేళకి ఈ మనిషి కొత్త చొక్కాతో పశువుల శిబిరం వెతుక్కుంటూ వెళ్లి, పేడలో నడిచి, డాక్టరుగార్ని పట్టుకుని దగ్గర్లోని ఫోను దాకా నడిపించుకొచ్చాడు. ఆడబిడ్డ ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంది. ఉండనీ.

డాక్టరుగారు ముందు తిట్టారు. “సదవొద్దని చెప్తినా లేదా? ఆ నక్షత్రాలు మనిషి కొలతల మీద వేసినవమ్మా. ఏడేళ్ల పిల్లోడికి ఎక్కువైంది కుక్కకి మామూలే. ఒక్కొక్కటీ సదువు.”

నేను చదువుతుంటే ఆయన ‘మామూలే, మామూలే’ అంటూ వచ్చారు. ఒక్కో నక్షత్రం మీద పెన్నుతో గీత కొట్టుకుంటూ వచ్చాను. ఎనిమిది పోయాయి. చివరిది చదివాను. రక్తం గడ్డకట్టించే కణాల కౌంట్, ఇరవై ఎనిమిది వేలు.

ఈసారి ‘మామూలే’ రాలేదు. ఆవులు అరుస్తున్నాయి.

“సార్?”

“అది మాత్రం ఎవరికైనా తక్కువేనమ్మా” అన్నారు.

*జూన్*

పిడుదు పురుగుల వల్ల వచ్చే జ్వరమని తేల్చారు. నాలుగు వారాలు మాత్రలు, వారం వారం కౌంట్. ముప్పై వేలకి దిగువన ఏ క్షణమైనా లోపల రక్తం కారొచ్చనీ, దూకనివ్వొద్దనీ, మొరగనివ్వొద్దనీ చెప్పారు. మొరుగు, మొరుగు అని దేవుళ్లకి మొక్కుకుంటున్నదాన్ని, గ్యాసు బండి వేళకి వాడి చెవులు మూసుకుని కూర్చునేదాన్ని. మాత్రని రాగి సంగటి ముద్దలో పెట్టి ఇస్తే మింగేవాడు. కొన్నాళ్లకి తెలివి మీరి ముద్ద మింగి మాత్ర ఉమ్మేయడం నేర్చుకున్నాడు. నేను ముద్దలు కలిపేదాన్ని, మా ఆయన గచ్చు మీద వంగి ఉమ్మిన మాత్రలు వెతికేవాడు. మాకిద్దరికీ మళ్లీ మాటలు కలిసింది ఆ వెతుకులాటలోనే.

ప్రతి సోమవారం ల్యాబులో అదే బల్ల మీద రూతమ్మ ఉండేది. నాకు ఐసు మర్చిపోయిన రోజు తన డబ్బాలోనే నా గొట్టానికీ చోటిచ్చింది. రెండు గొట్టాలూ పక్కపక్కన పడుకున్నాయి.

“మీ రాజుకి ఎంతక్కా?”

“ఇరవై ఎనిమిది. మీ గ్రేసికి?”

“ముప్పై.”

తర్వాత వారం రాజుకి నలభై ఒకటి. గ్రేసికి ఇరవై రెండు. నా కాగితం మడిచి సంచిలో దాచుకోబోతే ఆమే లాక్కుని చూసింది. చూసి, నిజంగా, నోరంతా తెరిచి నవ్వింది.

“మా సంఘంలో ఆదివారం ఆదివారం జబ్బు మనుషుల పేర్లు సదువుతారక్కా. పాస్టరుగారు సదివితే అందరూ మోకాళ్ల మీద ప్రార్థన సేస్తారు. గ్రేసి పేరు కింద మీ రాజు పేరు కూడా రాయించినా. వాడికి పలికినాడు దేవుడు. మా పాపకీ పలుకుతాడు.”

నేను ఆ రాత్రి అన్నం తినలేదు. మా ఆయనతో చెబితే, “రేపే పోయి నిజం చెప్పు” అన్నాడు. అంత తేలికా? మొదటి రోజు చెబితే ఆమె నవ్వుకునేది. ఇప్పుడు రాజు ఆమెకి ఆశగా మారాడు. తన బిడ్డ బతుకుతుందనడానికి సాక్ష్యం వాడే. వాడు కుక్క అని చెబితే ఆ సాక్ష్యం లాగేసుకున్నట్టే కదా? అలా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిరికితనానికి నేను పెట్టుకున్న మంచి పేరు అది. వారమంతా బూత్‌లో కూర్చుని రాంగ్ నంబర్లు కలిపాను.

మూడో సోమవారం. రాజుకి డెబ్బై. గ్రేసికి పద్దెనిమిది.

రూతమ్మ కాగితాన్ని చాలాసేపు చూసి, దాన్ని చదును చేసి ఒళ్లో పెట్టుకుంది. ఏడవలేదు. ల్యాబు బయట టీ బంకు దగ్గరికి నన్ను లాక్కుపోయి, నా సంచి వైపు చూసింది. సంచి నోట్లో నుంచి రాజు మాత్రల అట్ట కనిపిస్తోంది, అప్పుడే కొన్నాను.

“అవేనా అక్కా మీ వాడు మింగేవి?”

“ఆఁ.”

“నాకు నాలుగు ఇయ్యి. పాపకేస్తా.”

“డాక్టర్నడగాలి రూతమ్మా.”

“అడిగితే వద్దంటారు. వాళ్లిచ్చేది ఇస్తానే ఉండారు, దిగిపోతానే ఉండాది. మీ వాడూ ఏడేళ్లోడే కదా, మా పాపకి ఒక ఏడే ఎక్కువ. వాడికి సరిపోయింది దీనికి సరిపోదా? ఎవురికీ చెప్పన్లే.” అంటూనే అట్ట తీసి పట్టుకుంది.

“వద్దు. రాజు కుక్క” అన్నాను.

ఆమె నా వైపు కోపంగా చూసింది. “ఎంత ఇసిగినా బిడ్డని అట్ల అనొద్దక్కా.”

“తిట్టడం లేదు రూతమ్మా. రాజు నిజంగానే కుక్క. నాలుక్కాళ్ల కుక్క. తిరుచానూరు రోడ్డులో మా ఎస్టీడీ బూత్ కాడ పండుకొని ఉంటాడు. ఇవి పశువుల డాక్టరు రాసిన మాత్రలు. నాకు కొడుకు లేడు.”

టీ బంకాయన గ్లాసు కడగడం ఆపేశాడు. రూతమ్మ చేతిలోని అట్టని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నా సంచిలో దాన్ని జాగ్రత్తగా పెట్టి, సంచి జిప్పు కూడా తనే వేసింది. ఆమె తిట్టి ఉంటే బావుండేది.

“నలభై మంది మోకాళ్ల మీద ఉన్నారక్కా” అంది. అంతే. డబ్బా చంకలో పెట్టుకుని వార్డు వైపు వెళ్లిపోయింది.

*జూలై*

నాలుగో సోమవారం బల్ల ఖాళీగా ఉంది. రాజు కౌంట్ లక్షా ముప్పై. ఆ అంకె చూసి నాకు సంతోషం కలగలేదని చెబితే అబద్ధం, కలిగింది. కలిగిన వెంటనే సిగ్గేసింది. పక్కన ‘ఎంతక్కా’ అని అడిగేవాళ్లు లేకపోతే ఆ అంకెని ఏం చేసుకోవాలో తెలియలేదు.

పిల్లల వార్డుకి వెళ్లాను. నర్సు హడావిడిలో ఉంది. “గ్రేసా? వాళ్లు పోయినారు” అంది.

“ఇంటికా?”

ఆమె అప్పటికే వేరే మంచం దగ్గరికి వెళ్లిపోయింది. వెనకాల పరిగెత్తి అడగొచ్చు. అడగలేదు. జవాబు వినాలంటే భయమేసింది. నక్షత్రాలు చదవొద్దంటే చదివినదాన్ని, ఈ ఒక్కటి మాత్రం చదవలేకపోయాను.

పుత్తూరు బస్సు వడమాలపేట మీదుగానే పోతుంది. రెండుసార్లు ఎక్కాను, రెండుసార్లూ తిరుపతి దాటకముందే దిగిపోయాను. వెళ్లి ఎవరి గడపలో నిలబడి ఏమడగాలి? ఆ నెలంతా మామిడిపండు ముట్టుకోలేదు.

చివరి పరీక్షకి వెళ్లిన రోజు కౌంటరాయన పెన్ను తీసి, “పేరు?” అన్నాడు.

“రాజు. ఏడేళ్లు. కుక్క సార్. మొదటి రోజు నుంచీ కుక్కే. క్షమించండి.”

ఆయన తల ఎత్తలేదు. రాస్తూనే అన్నాడు. “తెలుసమ్మా. ముప్పై ఏళ్లుగా మైక్రోస్కోపులో చూస్తా ఉండా. మొదటి సుక్కలోనే తెలిసిపోయింది.”

“మరి నన్ను రాజు వాళ్ల అమ్మా అని పిలిస్తిరే?”

“ఏమని పిలిసేది మరి? నువ్వు కూర్చోనుండిన తీరు అట్లుండె” అన్నాడు.

ఆ రోజు కౌంట్ రెండు లక్షల పది వేలు. డాక్టరుగారు మాత్రలు ఆపేయమన్నారు. మర్నాడు గ్యాసు బండి వచ్చింది. రాజు లేచి, గొంతు సవరించుకుని, వీధి అదిరేలా మొరిగాడు. మా ఆయన లోపల్నించి “నోరు ముయ్యరా” అని అరిచి, తర్వాత బయటికొచ్చి వాడి పక్కన గచ్చు మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

*ఆగస్టు*

మధ్యాహ్నం బూత్‌లో ఎవరూ లేరు. గుమ్మంలో నీడ పడితే, “ఎస్టీడీయా, లోకలా?” అన్నాను తల ఎత్తకుండా.

“కుక్క యాడక్కా?”

రూతమ్మ. గోళ్ల కింద పసుపు కాస్త పలచబడింది. చేతిలో పాత పేపరులో చుట్టిన మామిడి తాండ్ర. వెనక, ఆమె కొంగు పట్టుకుని, సన్నటి పిల్ల. కాళ్ల మీద కమిలిన మచ్చలు మాసిపోయి లేత ఆకుపచ్చగా మిగిలాయి.

నేను లేవబోయి ఫోను తాడు తట్టుకుని పడబోయాను. పిల్లని పైనుంచి కిందికి చూశాను. పట్టుకోవాలనిపించింది, కమిలిపోతుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“పట్టుకో అక్కా, ఇప్పుడేం కాదు” అంది రూతమ్మ. “ఆ పొద్దు మీ కాడి నుంచి పోయి, వార్డులో డాక్టరమ్మ కాళ్ల కాడ కూలబడినా. కుక్కల మాత్ర వేయబోయినానమ్మా అని చెప్పి ఏడిస్తి. ఆయమ్మ తిట్టి, మందు మార్చి, ఈడ పెట్టుకుంటే కాదని పెద్దాస్పత్రికి పంపించింది. ఆడ నిలిసింది కౌంటు.”

“రూతమ్మా, నేను నీకు…”

“కోపం వచ్చింది. లేదని చెప్పను. ఆదివారం పోయి సంఘంలో అందరి ముందరా చెప్పేసినా, రాజు అంటే కుక్క అని. కొందరు నవ్వినారు. కొందరికి నా మీద కోపమొచ్చింది. పాస్టరుగారు పెన్ను తీసుకొని, పేరు కొట్టేసేదా అని అడిగినారు.” ఆమె తాండ్ర పొట్లం బల్ల మీద పెట్టింది. “వద్దన్నా. అది బాగయ్యేదాకా సదవమన్నా. సదివినారు.”

నేను అక్కడే బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఆమె ఆపమనలేదు. ఆ పసుపు చెయ్యి మళ్లీ నా చేతి మీద ఉంది. ఈసారి ఎవరి చేతిని పట్టుకుందో దానికి తెలుసు.

గ్రేసి ఇదేమీ పట్టించుకోలేదు. గుమ్మంలో అడ్డంగా పడుకున్న రాజు ముందు గొంతుకూర్చుని, వాడి కళ్లలోకి చూస్తోంది. వాడు తోకని ఒకసారి నేలకి కొట్టాడు.

“నీకెంత?” అని అడిగింది వాణ్ణి.

“రెండు లక్షల పది వేలు” అని వాడి తరఫున నేను చెప్పాను.

ఆ పిల్ల కాసేపు లెక్క వేసుకుంది. “నాకు లక్షా అరవై” అంది రాజుతోనే. “వచ్చే సోమవారం నిన్ను దాటేస్తా, సూడు.”